చన్నీళ్లతో కలిపిన ముద్దలు

శ్రీరాంపూర్

వదినకు,

ఫోన్లో చెప్పబోతే ఏడుపొస్తోంది, అందుకే రాస్తున్నాను. అత్తమ్మ చేసినట్టు జొన్నపిండి ముద్దల చారు వచ్చి చేసిపెడతానని నువ్వంటే ఆ రోజు రావద్దన్నాను. నీకు కోపమొచ్చింది. కారణం ఇప్పుడు చెబుతున్నా.

ఈ మతిమరుపు జబ్బు ముదిరినప్పటి నుంచి నీ తమ్ముడికి నేనెవరో తెలియడం లేదు. ఒకనాడు తొందరలో పిండిని ఉడుకు నీళ్లకు బదులు చన్నీళ్లతో కలిపాను. ముద్దలన్నీ చారులో విరిగిపోయాయి. ఆయన గిన్నెలోకి చూసి, వెనకటిలాగే అత్తమ్మను తలుచుకుని, "మా అవ్వ చేస్తే ఒక్కటి ఇరుగకపోయేది. పెండ్లయినకాంచి చెప్తున్న, నీకు రాదే!" అని కసిరారు. నన్ను గుర్తుపట్టారు వదినా!

ఆనాటి నుంచి ఆ తిట్టు కోసమే చన్నీళ్లతో కలుపుతున్నాను. నువ్వొచ్చి బాగా చేస్తే అదీ పోతుందని భయపడ్డాను.

నిన్న కూడా ముద్దలు విరిగాయి. ఆయన గిన్నె ఊడ్చుకుని తిని, నాకు రెండు చేతులూ జోడించి, "మంచిగుందమ్మా. మీదేవూరు?" అన్నారు.

ఇక నువ్వు రా. ఉడుకు నీళ్లతోనే కలుపు. ఆయనైనా మంచి ముద్దలు తిననీ.

నీ తమ్ముడి భార్య