నేను నింపిన ఏడు ఫారాలు

అక్కా, నేను నీ పేరు చెడగొట్టడం లేదు. ముందు ఈ ఒక్క మాట నమ్ము.

నువ్వు పోయి ఐదు నెలలు. ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాయనివాడు, రాయక రాయక గొడవతో మొదలుపెట్టాడేంటని నవ్వకు...

నిన్న సునీత ఆ మాట అన్నది. హాస్టల్లో నీ రూమ్మేట్, ఇప్పుడు నీ రీసెర్చిని పేపరుగా రాస్తున్న సునీతే. పేపర్లో ఒక లెక్క తప్పు, మీ గైడ్ మేడంకు చెప్తానని నేనన్నందుకు, క్యాంపస్‌లో, మీ డిపార్ట్‌మెంట్ మెట్ల మీద, నలుగురూ వింటుండగా. "తొమ్మిదిల బడి బందువెట్టినోడివి, నాకు రీసెర్చ్ నేర్పుతవా? మీ అక్క పేరే ముందు పెట్టిన. నువ్వు పోయి మేడంకు చెప్తే ఖరాబయ్యేది ఎవరి పేరు?"

బైకు తీసుకుని వచ్చేశాను. తార్నాక సిగ్నల్ దగ్గర తట్టింది జవాబు. ఏం లాభం?

ఆ పేపర్లో ఒక పట్టిక ఉంది. తోపుడు బండ్ల వాళ్లు అమ్ముకునే జాగా కోసం హైకోర్టుకు పోయి తెచ్చుకున్న ఆర్డర్లు నిజంగా అమలయ్యాయా, లేదా... నువ్వు మూడేళ్లు తిరిగింది దానికోసమే కదా. నేను బైకు నడిపేవాణ్ణి, నువ్వు ఫైలు ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చునేదానివి. "మెల్లగ పోరా, నేను సస్తే థీసిస్ ఎవడు రాస్తడు?" అనేదానివి. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నవ్వాలా?

చివర్లో నీకు ఒంట్లో బాగాలేక లాలాపేట్ వైపు ఏడుగురు మిగిలిపోయారు. "నువ్వు పోయి అడుగురా. ఫారంల ఎట్లుంటే గట్లనే అడుగు" అన్నావు. పోయాను. పన్నెండో ప్రశ్న... కోర్టు ఆర్డరు అమలయిందా? అవును, కాదు. అంతే ఉంది.

మొదట మిర్చి బజ్జీల యాదమ్మను అడిగాను. ఆమె బండి కింద నుంచి ఆర్డరు తీసింది. లామినేషన్ చేయించింది, పైన కుంకుమ బొట్టు. కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టి, "ఎందుకు గాలేదు బిడ్డా? గిదేంది మరి!" అన్నది. నేను 'అవును' దగ్గర టిక్ పెట్టాను. మిగతా ఆరుగురూ అంతే. ఒకాయన దేవుడి పటాల పక్కన గోడకు తగిలించాడు. అందరి దగ్గరా కాగితం ఉంది. అందరికీ 'అవును'.

కాగితం చేతికొస్తే పని అయినట్టే అనుకున్నాను అక్కా. వాళ్లూ అట్లాగే అనుకున్నారు. అందులో ఏముందో ఇంగ్లీషులో ఎవరు చదివారు?

నేను ఫోన్లో తీసిన ఆర్డరు ఫొటో ఆస్పత్రిలో నువ్వు చదివి చెప్పావు. "జాగ ఇయ్యమని రాయలేదురా ఇందుల. వాళ్ల దరఖాస్తు నాలుగు వారాల్ల చూడుండ్రి అని మున్సిపల్ ఆఫీసుకు చెప్పింది కోర్టు. చూసిండ్రా, చూసి ఏం జేసిండ్రు... అది అడగాలె." తిట్టలేదు కూడా. "నేను లేచినంక ఇద్దరం పోయి మళ్ల అడుగుదం" అన్నావు.

లేవలేదు కదా...

ఆ ఫారాలు నీ అల్మారాలోనే ఉండిపోయాయి. ఆ మధ్య సునీతకు దొరికాయి. 'ఇంటర్వ్యూ చేసినవారు' అన్నచోట నీ పేరే ఉంది మరి. నేనే రాశాను. నీ పని కదా, నా పేరెందుకు అనుకున్నాను.

ఇప్పుడు ఆ పేపర్లో, లాలాపేట్ వైపు ఆర్డర్లు బాగానే అమలవుతున్నాయని రాసి ఉంది. రేపు దాన్ని పెద్ద ఆఫీసుల్లో చదివినవాళ్లు ఏమనుకుంటారు? అంతా బాగుంది కదా, ఇంకేం చేయాలి అనుకోరా? యాదమ్మ బండిని పోయిన వారం మున్సిపాలిటీ వాళ్లు మళ్లీ ఎత్తుకుపోయారు. ఆర్డరు చూపించిందట. అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ ఆమె చేతికే ఇచ్చి, బండి లారీలో ఎక్కించారట.

సునీత చెడ్డది కాదు. నీ పేరు అచ్చులో చూడాలని ఆమెకు ఉంది. నాకు లేదా? అమ్మ రోజూ అడుగుతుంది, "అక్క రాసింది ఎప్పుడొస్తదిరా?" అని. మేడంకు చెప్తే అది ఆగిపోవచ్చు. నువ్వే దొంగ ఫారాలు నింపావని ఎవరైనా అనొచ్చు. అంటే ఏం చేయాలి? ఎవరి కాలర్ పట్టుకోవాలి? నువ్వైతే ఏం చేసేదానివి?

పొద్దున్నే మీ గైడ్ మేడంకు ఫోన్ చేశాను. ఏడు ఫారాలూ నావి, రాత నాది, తప్పు నాది. అక్క పట్టుకుంది, సరిచేయడానికి టైం దొరకలేదు... అంతా ఒక్క గుక్కలో చెప్పాను. మేడం ఏడుగురి పేర్లూ అడిగి రాసుకున్నది. తర్వాత, "మళ్లీ వెళ్లి అడుగుతావా మహేష్? ఈసారి నీ పేరు రాయి. సునీత కూడా వస్తుంది" అన్నది. పేపరు వస్తుందో రాదో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ప్రశ్న మాత్రం మార్చాను. ఆఫీసోళ్లు మీ దరఖాస్తు చూశారా? చూసి ఏం చెప్పారు? ఇప్పుడు మీ బండి ఎక్కడుంది? నీలా రాయడం రాదు నాకు. అడగడం వచ్చనుకుంటా.

సునీత వచ్చి కింద నిలబడింది. మొహం మాడ్చుకునే ఉంది. బండెక్కాలంటే నీ హెల్మెట్ ఇవ్వాలి ఆమెకు... ఇవ్వనా?

యాదమ్మ బండి కోసం ఆఫీసుకు బయల్దేరకముందే పట్టుకోవాలి. పోవాలి అక్కా, సునీత పిలుస్తోంది...