కారణం: మనసొప్పలేదు

చిట్టితల్లికి నాన్న దీవెనలు. మీ అమ్మ మోకాలు తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. ఆ మోకాలు కూడా నేను పని చెప్పినప్పుడే నొప్పెడుతోంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మందుల ల్యాబ్‌లో అంకెలన్నీ సరిపోయినా ఆ కొత్త సరుకు మీద నీకెందుకో అనుమానంగా ఉందనీ, చెప్తే నవ్వుతారేమోననీ, మిగతావాళ్ళెవరికీ అలా అనిపించినట్టు లేదనీ రాశావు. బాత్రూంలో ఏడ్చి ముఖం కడుక్కుని వచ్చానన్నావు. "చెప్పులతో పాటు మనసునీ గుమ్మం బయటే విడవాలని నువ్వే అన్నావుగా నాన్నా" అని నా మాట నాకే అప్పజెప్పావు. అన్నాను. గొప్పగానే అన్నాను.

ఇక నా సంగతి విను. మొన్న సోమవారం ఓ తొమ్మిదంతస్తుల భవనంలో లిఫ్టు తనిఖీకి వెళ్ళాను. బ్రేకు బాగుంది, తాడు బాగుంది, సంతకం పెట్టడమే తరువాయి. చెయ్యి రాలేదు. లిఫ్టు ఆపేసి, రిజిస్టర్లో కారణం అన్నచోట "మనసొప్పలేదు" అని రాశాను. మా సూపర్‌వైజరు అది చదివి, "మనసొప్పకపోవడానికి ఇది లిఫ్టా, పెళ్ళికొడుకా?" అన్నాడు. అందరూ నవ్వారు. నా ఉద్యోగానికే ఎసరొచ్చిందనుకున్నాను. "విప్పి చూడండి సార్, ఏమీ లేకపోతే రేపట్నుంచి నేను రాను" అన్నాను. ఆ మాట అంటుంటే నలుగురిలో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఇంతేసి మీసాలున్న మనిషిని!

తాడు తిరిగే కప్పీ విప్పితే, లోపల ఇరుసు మీద వెంట్రుకంత పగులు. ఇప్పుడు సూపర్‌వైజరు ప్రతి లిఫ్టు దగ్గరా "ఏమయ్యా, నీ మనసేమంటోంది?" అని అడుగుతున్నాడు. వెటకారం సగం, నిజం సగం.

నేను ఏడ్చింది ఉద్యోగం పోతుందని కాదమ్మా. నీ దగ్గర మూడేళ్ళుగా ఒకటి దాచాను. నా జతగాడు బక్కాయనకి రెండు వేళ్ళు పోయాయే, చెయ్యి జారిందని నీకు చెప్పాను. ఆ రోజు పొద్దుటే, అతను చెయ్యి పెట్టబోయే లిఫ్టు మోటారు నాకు తేడాగా అనిపించింది. నవ్వుతారని నోరు మెదపలేదు.

అతనిప్పుడు మా స్టోర్లో పనిచేస్తున్నాడు. నిన్న వెళ్ళి అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. నట్లు ఏరుతూనే, "నాకూ అనిపించిందిరా. నువ్వేం మాట్లాడట్లేదుగా, నా చాదస్తమేమోనని ఊరుకున్నా" అన్నాడు.

గుమ్మం మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. మీ ల్యాబ్‌లో ఇంకెవరికీ అలా అనిపించలేదన్నావు. ఒక్కరినైనా అడిగావా? ఈ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున్నే వెళ్ళి అడుగు.

ఇట్లు,
నలుగురిలో ఏడ్చినా బాగానే ఉన్న
మీ నాన్న