దొన్ ఎవారిస్తో కొండెక్కిన వైనం

లినారెస్, 2 డిసెంబరు 1993

పుకోన్‌లో కొండ దారి చూపించే సెన్యోరా ఎర్సీలియా పాయినెమాల్ గారి సముఖానికి,

లినారెస్ నోటరీ కార్యాలయంలో పెద్ద గుమాస్తా ఎవారిస్తో కార్కమో నమస్కరించి రాసుకునే మనవి. నేను క్షేమం. జనవరి పదిహేను దాకా క్షేమంగానే ఉంటానని ఆశ.

నేను ఉద్యోగంలో చేరి పాతికేళ్ళు నిండాయని మా ఆఫీసు వాళ్ళంతా కలిసి, ఆ రోజు మీ వెంట వియ్యారికా అగ్నిపర్వతం ఎక్కడానికి నా పేరు రాయించారు. గడియారం ఇస్తారనుకున్నాను. ఉద్యోగానికి ముందు నేను ఆ కొండ ఎక్కానని వాళ్ళ నమ్మకం. నిరుడు బదిలీ మీద వచ్చిన మా నోటరీ దోన్యా గ్రిసెల్దా ఓర్మేన్యో గారు కూడా వస్తున్నారు. ఆవిడ గదిలోకి వస్తే టైపు మిషన్లు కూడా సర్దుకు కూర్చుంటాయి.

నాకు యాభై ఏడు. అరికాళ్ళు చదును. ఇంత వయసు దాటినవాళ్ళని తీసుకుపోరాదని మీకేదైనా నిబంధన ఉండే ఉంటుంది. ఉంటే సెలవియ్యండి. నిబంధనని తు.చ. తప్పకుండా పాటించే మనిషిని.

విధేయుడు,
ఎవారిస్తో కార్కమో

తా.క. జవాబు ఇంటి చిరునామాకే రాయండి. ఆఫీసులో ఫోను ఉంది గాని, అది దోన్యా గ్రిసెల్దా బల్ల మీద ఉంది.

ఇంకో తా.క. కొండకి ఈమధ్య ఒంట్లో ఎలా ఉంది?


పుకోన్, 7 డిసెంబరు

దొన్ ఎవారిస్తో గారికి ఎర్సీలియా నమస్కారాలు.

వయసు నిబంధన ఏదీ లేదు, బెంగపడకండి. పోయిన వేసవిలో ఓసోర్నో నుంచి డెబ్భై ఒక్కేళ్ళ మంత్రసాని వచ్చింది. దిగేటప్పుడు దారంతా పాడుతూనే ఉంది, మేమే అలిసిపోయాం. చదును పాదాలైతే మంచిదే, బూట్లకి ఇనప ముళ్ళు గట్టిగా కుదురుతాయి.

మీ గురించి మీ ఆఫీసు వాళ్ళు వివరంగా రాశారు. తుఫానులో ఒంటరిగా శిఖరం చేరడం, ఒక జర్మను దొరని వీపున వేసుకుని దించడం, ఆ నుదుటి గాయం, అన్నీ. అందుకని తాడుకి కట్టేటప్పుడు దోన్యా గ్రిసెల్దా వెనక, చివర మిమ్మల్ని పెడుతున్నాను. ఆవిడ జారితే మీరు ఆపుతారు.

కాగితం ఒకటి జతచేశాను. రక్తం గ్రూపు, ప్రమాదమైతే ఎవరికి కబురు చేయాలి అన్నవి నింపి పంపండి.

ఎర్సీలియా పాయినెమాల్

తా.క. కొండ బాగానే ఉంది. మొన్న రెండుసార్లు దగ్గింది.


లినారెస్, 11 డిసెంబరు

సెన్యోరా ఎర్సీలియా గారికి అనేక నమస్కారాలతో,

మీ కాగితం అందింది. కబురు చేయాల్సిన మనిషి కోసం రెండు రోజులు ఆలోచించాను. నాకు పెళ్ళి కాలేదు. ఇంటావిడకి చెబితే ముందు గది ఖాళీ చేయించే పని చూస్తుంది.

అమ్మా, మనసులో మాట రాస్తున్నాను, మీరు గ్రహించగలరు. ఆ కొండ పేరెత్తితే చాలు, గుండె దడదడలాడుతోంది. ముద్ద దిగడం లేదు. గోడ మీది క్యాలెండరులో ఏ బొమ్మ చూసినా అదే కనిపిస్తోంది. ఈ నెల క్యాలెండరులో ఉన్నది ఆవు. ఈ స్థితిలో ఉన్నవాణ్ణి ఏం చేయాలో అనుభవం ఉన్న మీకు నేను చెప్పాలా.

మీ దయ కోరే,
ఎవారిస్తో

తా.క. కొండ దగ్గిందన్నారు. పొడి దగ్గేనా?


పుకోన్, 16 డిసెంబరు

ప్రియమైన దొన్ ఎవారిస్తో గారికి,

మీ ఉత్తరం చదివి నా కళ్ళు చెమర్చాయి. నాదీ అదే జబ్బు. చలికాలంలో దారులు మూసేస్తే నాకూ తిండి సహించదు. కొండ పిచ్చి పట్టినవాళ్ళే ఇంకొకళ్ళ బాధ అర్థం చేసుకోగలరు. మా నాయనమ్మ దాన్ని రుకాపిల్యాన్ అనేది, పిల్యాన్ దేవర కాపురముండే ఇల్లు అని. ఆ ఇంటికి పిలుపు రానిదే ఎవరూ వెళ్ళరట. మీకు వచ్చింది.

మీ కోసం రెండు ఏర్పాట్లు చేశాను. మీరు తాడు చివర కాదు, నాతో సమానంగా ముందు నడుస్తారు. అందరికీ శిఖరం మీది అగ్నిబిలం అంచున పదినిమిషాలే ఇస్తాం. మీకు అరగంట.

మీ తోటి పిచ్చిది,
ఎర్సీలియా

తా.క. అంచు మీద మరీ ముందుకి వంగకండి. మీలాంటివాళ్ళకి అదే చెప్పాల్సి వస్తుంది.


లినారెస్, 21 డిసెంబరు

సెన్యోరా ఎర్సీలియా గారికి,

క్షేమ సమాచారాలు తర్వాత. నేను ఆ కొండ ఎప్పుడూ ఎక్కలేదు. అసలు ఏ కొండా ఎక్కలేదు. ఉద్యోగంలో చేరిన రోజున నుదుటి మీద కట్టు చూసి ఇదేమిటని అడిగారు. బీరువా తలుపు తగిలిందని చెప్పడానికి సిగ్గేసి వియ్యారికా అన్నాను. తుఫాను రెండో ఏట చేరింది. జర్మను దొర ఎప్పుడు చేరాడో నాకూ తెలియదు.

నాది పిచ్చి కాదమ్మా, భయం. 'ఇతడు పనికిరాడు' అని ఒక ముక్క మీ చేత్తో రాసి ఆఫీసుకి పంపండి. జన్మజన్మలకి రుణపడి ఉంటాను.

భయస్తుడు,
ఎవారిస్తో

తా.క. చేతిరాత చూసి తాగానని అనుకోకండి.


పుకోన్, 28 డిసెంబరు

దొన్ ఎవారిస్తో గారికి,

అబద్ధం కాగితం మీద నేను సంతకం పెట్టను. నోటరీ గుమాస్తాకి ఆ మాట నేను చెప్పాల్సి వచ్చింది చూడండి.

భయం ఉన్నంత మాత్రాన పనికిరానివారు కారు. భయం లేనివాణ్ణి తాడుకి కట్టుకోవాలంటే నాకు భయం. రండి. మంచు మొదలయ్యే చోటు దాకా ఎవరైనా నడవగలరు. అక్కడ మీ వల్ల కాకపోతే 'గాలి బాగా ఉంది' అనండి. నేను గాలి చూసినట్టు చూసి అందర్నీ వెనక్కి తిప్పేస్తాను. మీ పరువు మీకు ఉంటుంది.

ఎర్సీలియా

తా.క. వేయించిన గోధుమపిండి డబ్బాడు తెచ్చుకోండి. నీళ్ళలో కలుపుకు తాగితే భయం తగ్గదు గాని, ఆ సంగతి కాళ్ళకి తెలియదు.


లినారెస్, 16 జనవరి 1994

ఎర్సీలియమ్మకి ఎవారిస్తో రాసేది,

మంచంలోంచి రాస్తున్నాను. నిన్న పొద్దున మీ గుమ్మంలో మీరు లేరు. మీ చిన్నాన్న కొడుకు లిసాంద్రో ఉన్నాడు. అక్కకి మోకాలు నొప్పి, నేను తీసుకెళ్తాను అన్నాడు. ఆ రోజంతటికీ అతను మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

మంచు మొదట్లో మా బూట్లకి ముళ్ళు కట్టాడు. నేను గొంతు సవరించుకుని, గాలి బాగా ఉన్నట్టుంది అన్నాను. అతను వేలు తడిపి పైకెత్తి, లేదు అన్నాడు. కన్ను కూడా గీటాను. కంట్లో ఏదైనా పడిందా అని నీళ్ళ సీసా ఇచ్చాడు. కాసేపటికి దోన్యా గ్రిసెల్దా కూడా, అవును, గాలి ఎక్కువగానే ఉంది అంది. ఆవిడ నన్ను పసిగట్టి వెక్కిరిస్తోందనుకున్నాను. లిసాంద్రో మళ్ళీ వేలెత్తాడు. లేదు అన్నాడు.

మధ్యలో ఒకసారి కాళ్ళ సందులోంచి కిందికి చూశాను. మీ ఊరి సరస్సు ఉండాల్సిన చోటు కన్నా చాలా కింద ఉంది. ఆ తర్వాత బూటు ముందు బూటు తప్ప ఏమీ చూడలేదు. రొట్టెంత రాయి ఒకటి చప్పుడు లేకుండా మా ఇద్దరి మధ్య నుంచి దొర్లిపోయింది. అది పోయాక లిసాంద్రో, రాయి అన్నాడు.

దోన్యా గ్రిసెల్దా మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ ఒకటే ప్రశ్న.

"మీ మొహం పాలిపోయింది, దొన్ ఎవారిస్తో. మీ కోసం దిగిపోదామా?"

"నాకేం లేదమ్మా. మీ కోసమైతే చెప్పండి."

"నాకేం?"

అంత గట్టి మనిషి ముందు ఇంకేం అనను. ఎక్కాను.

బిలం అంచు దగ్గర విషవాయువు సోకకుండా లిసాంద్రో మాకు ముక్కూ చెవులూ కప్పే ముసుగులు ఇచ్చాడు. అక్కడ కొండ ఊపిరి తీస్తోంది. నిజంగానే తీస్తోంది, ముసలి ఎద్దులా. పొగ కాస్త తొలగ్గానే లోపల ఎర్రగా ఏదో లేచి మళ్ళీ పడింది. కాళ్ళ కింద వణుకు, నేలదో నాదో తెలియలేదు. నేను కింద పడిపోకుండా దోన్యా గ్రిసెల్దా నా చొక్కా చెయ్యి పట్టుకుంది. అబద్ధం మీద నిలబడడానికి ఆ చోటు చాలా ఇరుకనిపించింది. అప్పుడు నా ముసుగు తీసి చెప్పేశాను. నేనిక్కడికి రావడం ఇదే మొదలు, ఈ మచ్చ బీరువా తలుపుది అని.

ఆవిడ నా వైపు చూసింది.

"ముసుగు వేసుకోండి, దొన్ ఎవారిస్తో."

అంతే. దిగేటప్పుడు గోనెపట్టా మీద కూర్చుని మంచులో జారుతున్నంతసేపూ, ఆరు గంటల బస్సులోనూ ఇంకొక్క మాట లేదు.

పాతికేళ్ళుగా జనం ప్రమాణాల మీద 'ఇది నిజం' అని ముద్ర గుద్దిన చెయ్యి ఇది. రాజీనామా రాసి దిండు కింద పెట్టాను. జ్వరమని వారం సెలవు పెట్టాను, జ్వరం నిజమే. ఇరవై నాలుగున వెళ్ళి ఆవిడ చేతికిస్తాను. ఆవిడ మీకేమైనా రాసిందా?

ఎవారిస్తో

తా.క. ఇప్పుడు ఎక్కాను కనుక, అప్పుడు చెప్పింది అబద్ధం కాదు, కాస్త ముందుగా చెప్పిన నిజం అని వాదించవచ్చా? గుమాస్తాగా అడుగుతున్నాను.


పుకోన్, 20 జనవరి

దొన్ ఎవారిస్తో గారికి,

ముందు ఆ రాజీనామా చింపేయండి. చింపాక మిగతాది చదవండి.

నా మోకాలు శుభ్రంగా ఉంది. నా సొరుగులో లినారెస్ నుంచి వచ్చిన ఉత్తరాల కట్టలు రెండున్నాయి. ఒకటి మీది. రెండోది దోన్యా గ్రిసెల్దాది. ఆవిడ మొదటి ఉత్తరం మీ దాని తర్వాత రెండు రోజులకి వచ్చింది. యాభై రెండేళ్ళవాళ్ళు ఎక్కరాదని నిబంధన ఉందా అని. మీకు చప్పట్లు కొడుతుంటే ఎవరో 'నోటరీ గారు కూడా వెళ్తారు' అన్నారట. జర్మను దొరని మోసిన గుమాస్తా ముందు వెనకాడితే ఇక ఆఫీసు తన మాట వినదని ఒప్పుకుందట. తర్వాతి ఉత్తరాల్లో ఏడ్చింది. ఆవిడకీ గాలి మాటే ఇచ్చాను. ఇద్దరికీ వేరువేరు మాటలు తట్టకపోవడం నా తెలివితక్కువతనం.

అంత జరిగాక, మీ ఇద్దరి మధ్యా నడిస్తే నాకు నవ్వు ఆగదు. మంచు మీద నవ్వడం ప్రమాదం. లిసాంద్రో తన పెళ్ళిలోనే నవ్వలేదు, అందుకే వాణ్ణి పంపాను. కొండ మీద వాడు నాకన్నా గట్టివాడు. గాలి మాట వాడికి చెప్పకుండా, ఇద్దరికీ అక్కడే దిగిపోయే వీలు నేను పోగొట్టాను. అది నా తప్పే, క్షమించండి.

ఆవిడ ఉత్తరం నిన్న వచ్చింది. మీరు దిగుదామంటారని మూడుసార్లు ఆశగా అడిగిందట, మీరు రాయిలా నిలబడ్డారట. అంచున తనే పడిపోతుంటే మీ చెయ్యి పట్టుకు నిలబడిందట. బస్సులో నోరు తెరిస్తే వాంతయ్యేలా ఉందట. మీరు చెప్పింది మాత్రం తన చెవుల మీది ముసుగులోంచి సరిగా వినపడలేదట. 'బీరువా అన్నారు, ఏ బీరువా? వాయువు తలకెక్కిందేమోనని ముసుగు వేసుకోమన్నాను, తగ్గిందో లేదో' అని రాసింది.

కాబట్టి మీ నిజం ఇంకా మీ ఆఫీసులో ఎవరికీ చేరలేదు. ఈసారి నేల మీద చెప్పండి. అక్కడ బాగా వినపడుతుంది.

ఎర్సీలియా

తా.క. మార్చి ఐదున మళ్ళీ కొండెక్కడానికి ఇద్దరికి చోటు అట్టేపెట్టమంది ఆవిడ. రెండో మనిషిని అడగడానికి కొండకన్నా ఎక్కువ భయమేస్తోందట. ఇది మీకు రాయొద్దని రెండుసార్లు గీత గీసి మరీ చెప్పింది.