‘కాస్త చూడండి’ అన్నందుకు

అక్కకి,

నీ పాదాలకి దణ్ణం పెట్టి సుబ్బులు రాసేది. బావగారి ఆయాసం ఎలా ఉంది? పొద్దున్నే మంచులో బయట తిరగనివ్వకు. నీ మోకాలి వాపు తగ్గిందా? మేం బాగానే ఉన్నాం. నా ఒంటికేం లేదు, బెంగపెట్టుకోకు. ఫోన్‌లో అయితే ఇంట్లో అందరికీ వినబడుతుంది, నాకేమో ఏడుపొస్తుంది. పక్కవీధి రత్నంగారు బెజవాడ వస్తున్నారు, ఆవిడ చేతికిస్తాను. నా రాత తెలుసుగా, తప్పులు సర్దుకుని చదువుకో.

ఇక్కడ అమెరికాలో, ఈ షాంటిలీ ఊళ్లో మంచు పడి గడ్డకట్టింది, కరగడం లేదు. గుమ్మం దాటితే జారిపడతానని భయం. పద్మా అల్లుడూ ఆఫీసులకి పోతే ఇంట్లో నేనూ, హీటర్ చప్పుడూ. గోంగూర కూడా దొరుకుతోంది. ముద్దే దిగడం లేదు.

మేఘన సంగతి చెప్పాలి. మా పద్మ కూతురు అందరిలా కంప్యూటర్లు వద్దని, గవర్నమెంటులో పనిచేసేవాళ్లని తయారుచేసే చదువులో చేరిందని చెప్పానుగా. న్యాయంగా ఎలా పనిచేయాలో కూడా క్లాసు పెట్టి నేర్పుతారట. అదొక క్లాసా అని అల్లుడు ఏడిపించేవాడు. చదువులో భాగంగా ఇక్కడి సర్కారు ఆఫీసుకి పనికి వెళ్తోంది. దాని పైఆవిడ ఎలెన్‌గారు. ఆవిడ బాగా రాసిస్తే వేసవి నుంచి అక్కడే ట్రైనింగ్ పోస్టు. దానికోసం పిల్ల తిండీ నిద్రా మానుకుని కష్టపడింది.

కిందటి నెల మంచులో మేఘన కారు స్టార్ట్ కాకపోతే ఎలెన్‌గారే తీసుకొచ్చి దింపింది. ఇంటికొచ్చిన ఆడమనిషిని ఊరికే ఎలా పంపుతాను? కాఫీ ఇచ్చి, బొట్టు పెట్టి, నువ్విచ్చిన మంగళగిరి చీర, మడతైనా విప్పనిది, ఆవిడ చేతిలో పెట్టాను. మేఘన వద్దు వద్దంటూనే ఉంది. పెద్దదాన్ని నొప్పించకూడదనుకుందో ఏమో, ఆవిడ రెండు చేతులతో తీసుకుంది. అక్కడితో ఊరుకోవచ్చుగా. దణ్ణం పెట్టి, "మా పిల్లని కాస్త చూడండమ్మా" అన్నాను.

ఏమంటున్నారని ఆవిడ మేఘననడిగింది. పిల్ల మొహం పాలిపోయింది. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేసింది. ఆవిడ చీర బల్లమీద పెట్టి, నా భుజం తట్టి, వెళ్లిపోయింది.

చీర ఇచ్చేసిందిగా, ఇంక మర్చిపొమ్మంది పద్మ. మేఘన వినలేదు. మర్నాడు ఆఫీసులో పెద్దవాళ్లకి తనే చెప్పేసింది. నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందే అని పద్మ కేకలేసింది.

"ఎలెన్‌కి తెలుసు, నాకు తెలుసు. ఇద్దరం దాచిపెట్టుకుని వర్క్ చేయాలా మమ్మీ?" అంది.

ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేదట. కాకపోతే ఇంక ఎలెన్‌గారు దాని గురించి రాసివ్వకూడదన్నారు. దాని పనితనం తెలిసింది ఆవిడకొక్కదానికే. మొన్న శుక్రవారం పోస్టు వేరే పిల్లకి వెళ్లిపోయింది.

మేఘన నన్నొక్క మాటనలేదు. అన్నా బాగుండును. నా పక్కన కూర్చుని, దానికొచ్చిన తెలుగులో మెల్లిగా అడిగింది. "అమ్మమ్మా, కాస్త చూడండి అంటే, వేరేవాళ్లకంటే నన్ను ఎక్కువ చూడమనా? లేకపోతే ఊరికే లవ్‌తో అన్నావా?"

ఊరికేనే తల్లీ అన్నాను. అది నమ్మింది.

అక్కా, నీకొక్కదానికే చెబుతున్నాను. పద్మని హాస్టల్లో దింపినప్పుడు వార్డెనమ్మతో మనం అన్నది ఆ మాటే. బావగారి పెన్షన్ కాగితాలు కదలకపోతే గుమాస్తా చేతిలో కవరు పెట్టి నువ్వన్నదీ ఆ మాటే, నేను పక్కనే ఉన్నాను. మనకెప్పుడూ తేడా తెలియలేదు. ఎలెన్‌గారితో అన్నది ఏ చూడండో నన్ను నేనే అడుగుతున్నాను. చీర అందిస్తుంటే నా మనసులో ఆ పోస్టు ఉందక్కా. ఉంది.

పిల్లకి ఇంకెక్కడైనా దారి దొరకాలని నిన్న దేవుడి దగ్గర దీపం పెట్టాను. కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని, అడగడానికి నోరు రాక, మళ్లీ లోపల పెట్టేశాను.

బావగారికి నా నమస్కారాలు. కోడలికీ పిల్లలకీ దీవెనలు. వేళకి మందులేసుకోండి, నాకేం ఫరవాలేదు. నన్నూ మేఘననీ దీవించు. దాని పేరు చెప్పి నువ్వే ఒకసారి గుడికెళ్లు. ఉత్తచేతులతోనే వెళ్లక్కా.

నీ చెల్లెలు
సుబ్బులు