రెండో చప్పుడు

ప్రొద్దుటూరు,
11-8-1957

చెల్లెలు పీరాంబీకి,

అన్న మహబూబ్ బాషా సలాము. మీ అత్త సైదాబీకి కూడా చెప్పు.

నాకు మాటలు రావని నీకు తెలుసు. ఈ మూడేళ్ళలో మీ గని కొట్టాలకు ఏడుసార్లు వచ్చాను. గడపలో బెల్లం పొట్లం పెట్టి, చెంబెడు నీళ్ళు తాగి తిరిగొచ్చేశాను. అత్త ముఖం వైపు ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. ఇప్పుడు నిన్ను అడగకుండా ఒక పని చేశాను. అందుకే ఈ ఉత్తరం.

గొడ్డుకనుమ కింద వంకలో పడి ఉన్న మోటారు బండిని పోయిన నెల పైకి తీయించాను. నాలుగు జతల ఎద్దులతో రెండు రోజులు పట్టింది. నీ భర్త నబీ రసూల్ ప్రాణం తీసిన బండే. ఆ రోజు దాన్ని నడిపింది నేను. గనివాళ్ళు వదిలేసిన ఇనుమును ఎందుకు ముట్టుకున్నావని నువ్వు అడగవచ్చు. పోయిన ఎండాకాలం మీ కొట్టాల నుంచి జైబున్నీసాను కాన్పు నొప్పులతో మంచం మీద మోసుకొచ్చారు కదా. పులివెందుల చేరేసరికి మంచం మీద ఉన్నది మనిషి కాదు, శవం. ఆ దోవలో బస్సు రాదు, మామూలు లారీ రాదు. ఈ పికప్పు యుద్ధంలో మిలిటరీ వాళ్ళ కోసం చేసింది. నాలుగు చక్రాలూ లాగుతాయి. రాయి, ఇసుక, వంక దేనికీ వెనక్కు తగ్గదు. దాన్ని బాగుచేసి మీ కొట్టాల వాళ్ళకు ఉంచాలని నా ఆలోచన.

ఇంజను మొత్తం విప్పాను. వంకరపోయిన చాసీని కాల్చి సాగగొట్టాను. వెనక తొట్టికి తుమ్మచెక్కలు కొట్టాను. చక్రాల మీద బరువు మోసే కమాను కట్టలు నాలుగూ కొత్తవి వేశాను. మొన్న పెన్న ఇసుకలోకి దింపి నడిపాను, ఎక్కడా దిగబడలేదు. ఒక్కటే లోపం. ఖాళీగా నిలబెడితే వెనక ఎడమ పక్క కొంచెం కిందికి ఉంటుంది. నా షెడ్డు పక్క కొలిమి రహమతుల్లా నవ్వుతాడు: "ఏంది మామా, నీ బండి కూడా నీ మాదిరే ఎడమకాలు కుంటుతాందే." ఆ రోజు బండిలోంచి దూకినప్పుడు విరిగిన కాలు నాది. వాడి మాటకు నేనూ నవ్వాను. వారంలో సరిచేస్తాను.

నీకు ఇష్టం లేదంటే ఒక కార్డు ముక్క రాయి. బండిని పాత ఇనుముకు వేస్తాను.

మీ
మహబూబ్ బాషా

ప్రొద్దుటూరు,
22-9-1957

చెల్లెలు పీరాంబీకి సలాము.

నీ కార్డు అందింది. బండిని ఉంచమన్నావు, సంతోషం. కింద అత్త అడిగిన మాట కూడా రాశావు. "నా కొడుకు చేతిలో ఆపుచెక్క జారిందని గనిలో అందరూ అంటాండారు. బాషా కండ్లతో చూసినోడు. నిజంగా జారిందా అని అడుగు." ఆ మాట చదివి కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాను. జవాబు ఈ ఉత్తరంలో రాయలేను. కొట్టాలకు వచ్చినప్పుడు చెబుతాను.

బండి సంగతి రాస్తాను. అది నాకు తేలిక.

నేను రోజూ చిట్టా రాస్తానని నబీ రసూల్ ఎగతాళి చేసేవాడు. "రేత్రి ఎన్ని గుటకలు నీళ్ళు తాగినావో అదీ రాసుకో మామా" అనేవాడు. ఆ చిట్టాలో నలభై రోజులుగా ఒకే లెక్క ఉంది. వెనక ఇరుసుకూ చాసీకీ మధ్య దూరం కుడివైపు తొమ్మిది అంగుళాలు, ఎడమవైపు ఏడున్నర. కట్టలు అటూ ఇటూ మార్చి చూశాను. ఎడమవైపే తగ్గింది. నేల ఏటవాలేమోనని బండ పరిచి, పళ్ళెంలో నీళ్ళు పోసి చూశాను. నీళ్ళు సమంగా నిలిచాయి. తొట్టి ఊడదీస్తే రెండు పక్కలా తొమ్మిది. తొట్టి బిగిస్తే మళ్ళీ ఏడున్నర. తొట్టిలో ఏమీ లేదు. చెక్కలన్నీ ఒకే మందం, నేనే కోశాను.

వెనక ఎడమ మూల ఎవరి చోటో నీకు చెప్పనక్కరలేదు. ఏటవాలులో బండి ఆగిపోతే దిగి చక్రం వెనక ఆపుచెక్క పెట్టే మనిషి అక్కడ కూర్చుంటాడు. డ్రైవరుకు వెనక జరిగేది కనపడదు. అందుకని బండి పక్క తట్టి చెబుతాడు. ఒక చప్పుడు అయితే దిగినట్టు. రెండో చప్పుడు అయితే చెక్క పెట్టినట్టు, ఇక బ్రేకు వదలవచ్చు. తొమ్మిదేళ్ళు నేనూ నబీ రసూలూ ఆ చప్పుళ్ళతోనే మాట్లాడుకున్నాం.

పోయిన వారం జమ్మలమడుగు సంతకు ఆడవాళ్ళను ఎక్కించుకున్నాను. పదకొండు మంది, గంపలు, రెండు మేకలు. ఒకరి మీద ఒకరు పడి కూర్చున్నారు గానీ ఆ మూల మాత్రం ఖాళీ. వాళ్ళెవరికీ ఈ బండి కథ తెలియదు. "ఆడ చోటుంది కదమ్మా, జరగండి" అన్నాను. ఒక ముసలామె నన్ను వింతగా చూసి, "యాడప్పా చోటు?" అంది. తర్వాత ఆమే తడబడి, "నిజమే, ఖాళీగానే ఉండాది" అంది. అయినా జరగలేదు.

నేను భయపడే మనిషిని కాను. లోపం ఉంటే కారణం ఉంటుంది, విప్పితే దొరుకుతుందని నమ్మి బతికాను. ఈ ఒక్కటీ దొరకడం లేదు. ఆ మూలలోకి ఇక ఏ మనిషినీ చెక్కతో ఎక్కించనని మాత్రం ఒట్టు పెట్టుకున్నాను.

అత్తకు కడుపులో నొప్పి అని రాశావు. ఎక్కువైతే వెంటనే కబురు పంపు.

మీ
మహబూబ్ బాషా

ప్రొద్దుటూరు,
20-10-1957

చెల్లెలు పీరాంబీకి,

జమ్మలమడుగు ఆసుపత్రిలో నిన్నూ అత్తనూ వదిలి వచ్చి ఇవాళ్టికి మూడు రోజులు. కడుపు కోసి చీము తీశారనీ, అత్త గంజి తాగిందనీ నిన్న అటు పోయిన బస్సు కండక్టరు చెప్పాడు. నేనే రావలసింది. ఈ ఉత్తరం రాయకుండా మీ ముందు నిలబడలేకపోయాను.

గురువారం గని మేస్త్రీ బస్సు దిగి, "సైదాబీకి కడుపు ఉబ్బి మాట పడిపోతాందప్పా" అన్నప్పటి నుంచి జరిగినదంతా నీకు తెలుసు. ఆయన, "ఆపుచెక్క పట్టుకోని నేనూ వస్తా" అని ఎంత అన్నా నేను ఒప్పుకోలేదు. అది నా మొండితనం. మనిషిని ఎక్కించనని పెట్టుకున్న ఒట్టుకు, చెక్కను కూడా షెడ్డులోనే వదిలి వచ్చాను. కనుమలో నీకు తెలియనిది ఇప్పుడు చెబుతాను.

ఎక్కుడులో సగం దాటాక ఇంజను ఆగింది. ఆ చోటు నేను మరిచిపోలేను. ఎర్రమట్టి మలుపు, పక్కన తలలేని తుమ్మచెట్టు. మూడేళ్ళ కింద ఆగినదీ అక్కడే. బ్రేకు మీద రెండు కాళ్ళూ పెట్టాను. హ్యాండు బ్రేకు లాగితే తీగ తెగి చేతికి వచ్చింది. సెల్ఫు పలకలేదు. దిగి ముందు హ్యాండిల్ తిప్పితేనే ఇంజను వస్తుంది. దిగితే బండి నిలవదు. వెనక నువ్వు, నీ ఒడిలో అత్త తల. నిన్ను దిగి రాయి పెట్టమందామని నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను. బండి వెనక్కు జారితే ఆ చక్రం కింద ఉండేది ఈసారి నువ్వు.

మధ్యాహ్నం ఎండ. గాలి లేదు. అప్పుడు నా సీటు కింద బండి ఎడమవైపు పైకి లేచింది. కూర్చున్న మనిషి దిగితే కమాన్లు ఎలా లేస్తాయో అలా. వెంటనే బండి పక్క ఒక చప్పుడు.

నా కాలు లేవబోయింది. రెండు చేతులతో మోకాలు అదిమి పట్టుకుని ఆగాను. ఎంతసేపు ఆగానో చిట్టాలో రాయలేకపోయాను. రెండో చప్పుడు అయింది. కాలు తీశాను. బండి కదలలేదు.

దిగి వెనక్కు పోయి చూశాను. చక్రం వెనక చెక్క లేదు, రాయి లేదు. ఏటవాలు మీద బండి ఇంటి ముందు నిలిపినట్టు నిలబడి ఉంది. నేను ముట్టుకోలేదు. ముందుకు పోయి హ్యాండిల్ తిప్పాను. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది.

ఆసుపత్రి వరండాలో నువ్వు నన్ను అడిగావు. "అన్నా, అత్త కండ్లు తేలేసిందని నీకు చెప్దామని తొట్టి చెక్క మీద కొట్టినా. ఒక్కతూరే కొట్టినా. ఇంగోతూరి కొట్టిందెవురు?" నేను తల వంచుకుని వచ్చేశాను. వచ్చే ముందు ఆసుపత్రి గేటు దగ్గర బండి నిలిపి కొలబద్ద పెట్టి కొలిచాను. కుడివైపు తొమ్మిది. ఎడమవైపు తొమ్మిది. ఇంటి దాకా బండి ఖాళీగా వచ్చింది. అంత ఖాళీ బండిని నేనెప్పుడూ నడపలేదు.

ఇప్పుడు అత్త అడిగిన దానికి జవాబు.

చెక్క జారలేదు. నబీ రసూల్ చెక్క పెట్టనే లేదు. పెట్టే వ్యవధి నేను ఇవ్వలేదు. ఆ రోజు అతను దిగి ఒకసారి తట్టాడు. వెనక తొట్టి నిండా గనిలో తవ్విన ముగ్గురాయి, ముందు పొద్దు వాలుతోంది, పులివెందులలో బరువు దింపి ఇంటికి పోవాలన్న తొందర. రెండోది ఎలాగూ వస్తుందనుకుని బ్రేకు వదిలి దిగబోయాను. తొమ్మిదేళ్ళలో ఎన్నోసార్లు అలా వదిలాను, ఎప్పుడూ ఏమీ కాలేదు. అతను వంగి ఉన్నాడు. చెక్క ఇంకా చేతిలోనే ఉంది. బండి అతని మీదుగా పోయి వంకలో పడింది.

పోలీసులు అడిగితే రెండు చప్పుళ్ళూ విన్నానని చెప్పాను. రెండూ విన్నానంటే చెక్క జారిందనే కదా అర్థం. చెక్క జారిందన్న మాట నా నోటితో నేను అనలేదు, అందరూ అనుకునేట్టు చేశాను. ఆ రోజు చిట్టాలో కూడా "రెండు" అనే రాశాను. ఇరవై రెండేళ్ళ చిట్టాల్లో నేను రాసిన అబద్ధం అదొక్కటే. నిన్న ఆ పుస్తకం తీసి, ఆ అంకె కొట్టివేసి, "ఒకటి" అని రాసి, కింద పేరు పెట్టాను.

నీకు చదువు వచ్చు గనక ఇది ఇంకొకరి చేత చదివించుకోవద్దు. అత్తకు నువ్వే చదివి వినిపించు. ఆమె కొడుకు చేతిలో ఏదీ ఎప్పుడూ జారలేదని, ఆ మాట మాత్రం రెండుసార్లు చదువు.

శుక్రవారం మీరు ఇంటికి పోవచ్చని కండక్టరు అన్నాడు. ఆ రోజు పొద్దున బండి తెస్తాను. మిమ్మల్ని దింపాక గనిలో అందరి ముందూ ఇదే మాట చెబుతాను, పోలీసు స్టేషనులోనూ చెబుతాను. నా బండి ఎక్కడం ఇష్టం లేకపోతే, బస్సులో పోయినా ఎద్దుల బండిలో పోయినా మీ వెనకే వచ్చి చెబుతాను.

వచ్చి మీ గది తలుపు ఒకసారి తడతాను. ఎక్కాలనుకుంటే లోపలి నుంచి రెండోది మీరు తట్టండి. అది వినిపించే దాకా వరండాలోనే ఉంటాను. ఈసారి తొందరపడను.

మీ
మహబూబ్ బాషా