మరియమ్మగారి గుప్పెడు బియ్యం

శుక్రవారం రాత్రి, నవంబరు 1979

మరియమ్మగారి కౌలు చేను కోతకొచ్చాక వానకు పడిపోయి, కంకుల మీదే మొలకలొచ్చాయి. ఓదారుద్దామని బైబిలు చంకన పెట్టుకుని వెళ్లాను. ఆవిడ ఎసట్లో బియ్యం పోయబోతూ, ఎప్పటిలాగే ముందు గుప్పెడు తీసి, మా చర్చి సంఘానికని ఉంచిన ముంతలో వేసింది. నా ప్రాణం చివుక్కుమంది.

"ఈ ఏటికి మానేయండమ్మా. ప్రభువేమీ అనుకోడు," అన్నాను.

"బాగుందండీ అయ్యగారూ! ఆదివారమేమో ఇవ్వండి ఇవ్వండని గొంతు చించుకుంటారు, తీరా ఇస్తుంటే వద్దంటారేంటండీ? పంట ఎలాగూ పోయింది. ఇది కూడా మాన్పిస్తే నేను ఒట్టి ముష్టిదాన్నైపోనూ?" అని నవ్వింది.

ఆ నవ్వు వెనక ఏడుపుందేమోనని వెతికాను. లేదు! సంతోషం పైనుంచి కురుస్తుందని ఇన్నేళ్లూ వేదికల మీద ఉరిమాను. ఈవిడకు అది ఇచ్చే చేతిలోనే ఊరుతోంది, ప్రభువా. వాన దాన్ని ముంచలేకపోయింది.

వచ్చేటప్పుడు ముంత నా సంచిలో వంపింది. వద్దనలేదు. రేపటికి ఇంట్లో బియ్యం ఉన్నాయా అని అడగాల్సింది. అడిగితే ఆ మొహంలో వెలుగు ఏమైపోతుందోనని...

అడగలేదు.