తొట్టిలో దీపాలు ఎటు తిప్పాలి

శ్రీవారికి,

ఒకే ఇంట్లో ఉంటూ ఈ ఉత్తరమేమిటని విసుక్కోకండి. నోటితో మొదలుపెడితే సగంలోనే మీరు అందుకుని మిగతాది మీరే చెప్పేస్తారు. కాగితం మీదైతే చివరిదాకా చదవక తప్పదు.

కొన్నాళ్లుగా మీరు పెరట్లో ఫౌంటెన్ తొట్టిలో దీపాలు పెట్టాలని కుస్తీ పడుతున్నారు. చేపలు నేను బట్టలు నానబెట్టే బకెట్లో ఉన్నాయి, ట్రాన్స్‌ఫార్మర్ పప్పుల డబ్బాల మధ్య ఉంది. "పన్నెండు వోల్టులేనే, షాక్ కొట్టదు" అంటూ గొప్పగా దీపాన్ని నీళ్లలో ముంచితే, అద్దంలోకి నీళ్లు దూరి ఆరిపోయింది. మళ్లీ విప్పి, తుడిచి, రబ్బరు రింగు మార్చి, చుట్టూ జిగురు పూశారు. మీ కళ్లజోళ్ల షాపుకొచ్చే వాళ్ల మీద కూడా మీరు ఇంత ఓపిక చూపించగా నేను చూడలేదు.

నిన్న సాయంత్రం మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి అడిగారు, "ఎక్కడ కూర్చుని చూస్తావే?" అని. పాలు పొంగుతున్నాయని చెప్పి లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద పాలు లేవు.

పెళ్లయిన దగ్గర్నుంచి ఇల్లు, గోడల రంగు, నేనెక్కాల్సిన బస్సుతో సహా అన్నీ మీరే తేల్చేశారు. హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వస్తే, వేరే ఊరు వెళ్లాల్సి వస్తుందని, "మా ఆవిడకి ఇష్టం లేదండీ" అని మా ఆఫీసులో మీరే చెప్పి వచ్చారు. నాకిష్టమే. ఆ బాధ ఇన్నాళ్లూ దిగమింగుకుని ఊరుకున్నాను. ఇప్పుడు అదే ప్రమోషన్ మళ్లీ వచ్చింది. మీతో చెప్పకుండా సంతకం పెట్టేశాను. వచ్చే నెలలో వెళుతున్నాను. నాకేం కావాలో ఇన్నాళ్లకు మీరు అడిగేసరికి, కూర్చుని చూడడానికి నేనే ఉండటం లేదు. అందుకే ఏడుపొచ్చింది. మనసు మాత్రం మార్చుకోను.

మీ టీచరమ్మ

*

టీచరమ్మకి,

మధ్యలో అందుకోకుండా చివరిదాకా చదివాను.

ముందు ఒక నిజం చెప్పాలి. నీ ఇష్టం కనుక్కుందామని నేను అడగలేదు. నీళ్లలో దీపం చూసేవాళ్ల వైపు తిరిగి ఉంటే కళ్లలో గుచ్చుతుంది, అవతలికి తిప్పి పెట్టాలి. మనిషి ఎక్కడ కూర్చుంటుందో తెలియకపోతే దీపం బిగించలేం. ఆ సమయానికి నీకు బదులు మా తమ్ముడు నిలబడి ఉంటే వాణ్ణీ అదే అడిగేవాణ్ణి. నువ్వేమో అది నీ మీద ప్రేమనుకుని ఏడ్చావు. అది చదివాక సిగ్గేసింది.

మీ ఆఫీసులో అలా చెప్పడానికి కారణం ఒక్కటే. నువ్వు లేకుండా ఈ ఇంట్లో ఉండటం నాకు భయం.

దీపాలు బిగించేశాను. వరండా మెట్ల మీద కూర్చుంటే బాగా కనిపిస్తున్నాయి, వెళ్లేలోపు తీరిక ఉంటే చూడు. చేపల్ని తొట్టిలో వదిలి బకెట్టు కడిగి పెట్టాను.

షాపు తమ్ముడు నడుపుకోగలడు. అద్దాలు అరగదీసే పని నాకు ఎక్కడైనా దొరుకుతుంది. "నేనూ నీతో వచ్చేస్తున్నాను" అని రాసి, కొట్టేశాను. మళ్లీ నేనే తేల్చేసినట్టవుతుంది కదా. అందుకని అడుగుతున్నాను, ఈసారి దీపాల కోసం కాదు. నన్ను రమ్మంటావా?

వద్దంటే అలుగుతాను. అడ్డు మాత్రం రాను.

నీ కళ్లజోళ్లాయన